ఆదర్శ వాయువు గారికి ఒక ఫిర్యాదు లేఖ

మహారాజశ్రీ ఆదర్శ వాయువు గారికి,

నమస్కారాలు. తమరు పుస్తకాల్లో మాత్రమే ఉండే ఊహా వాయువు; తమరిని ఇంతవరకు కళ్లారా చూసినవారు లేరు. ఏ సిలిండర్లోనూ, ఏ బెలూన్లోనూ తమరి జాడ లేదు. అయినా ఇంటర్మీడియట్ నుంచి ఎమ్మెస్సీ దాకా ఉష్ణగతిక శాస్త్రం గడప తొక్కాలంటే ముందు తమరి దర్శనం చేసుకోవాల్సిందే. పాఠాల్లోని ఊహా ఇంజను, ఆ కార్నో ఇంజనును నడిపేది తమరే. అసంఖ్యాక అణువుల సగటు ప్రవర్తనను లెక్కగట్టే గణాంక యాంత్రిక శాస్త్రంలో మొదటి లెక్కా తమరిదే. పీడనాన్ని, ఘనపరిమాణాన్ని, ఉష్ణోగ్రతను ముడిపెట్టే తమరి సూత్రం పీవీ సమానం ఎన్ఆర్‌టీ అని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే పిల్లలున్నారు.

తమరు స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం నుంచే మొదలుపెడతాను. అణుచలన సిద్ధాంతం ప్రతిపాదనల్లో ఇలా రాయించుకున్నారు: మా అణువులు ఉత్త బిందువులు, వాటి మధ్య ఆకర్షణ లేదు, వికర్షణ లేదు, అవి ఒకదానితో ఒకటి ఢీకొంటూ ఉంటాయి. పరిమాణమే లేనివి ఢీకొనడం ఎలాగండీ? అదే పాఠం చివర్లో సగటు స్వేచ్ఛా పథం, అంటే రెండు ఢీల మధ్య అణువు పోయే సగటు దూరం, సూత్రం వస్తుంది. దాని హారంలో అణువు వ్యాసం వర్గం ఉంటుంది. అక్కడ సున్నా వేసి చూడండి, జవాబు అనంతం. తమరి అణువు ఇంకో అణువును జన్మలో తాకదన్నమాట. మామూలు గాలిలో అణువుకు అంత స్వేచ్ఛ లేదు. మీటరులో కోటో వంతు కూడా వెళ్లకముందే పక్కది తగులుతుంది.

ఇది చాదస్తపు పేచీ అనుకోకండి. అసలు తగాదా ఇక్కడే ఉంది. అణువుల వేగాలు ఏ నిష్పత్తిలో పంచుకుని ఉంటాయో 1860లో మాక్స్‌వెల్ చెప్పాడు. ఆ పంపకానికి వాయువు ఎలా చేరుకుంటుందో 1872లో బోల్ట్జ్‌మన్ తన సమీకరణంతో చూపించాడు. ఆ సమీకరణానికి ప్రాణం అభిఘాతాల, అంటే అణువులు ఢీకొనడాల, పదం. దాన్ని కొట్టేస్తే, మొదట్లో ఎవరికి ఎంత వేగం ఉందో చివరిదాకా వారికి అంతే. ఒకరినొకరు పలకరించుకోని తమరి అణువులు సమతాస్థితి అనే ఉమ్మడి తీర్మానానికి ఎప్పుడు వచ్చాయి, ఎవరి సమక్షంలో సంతకాలు చేశాయి? వేడి గోడలు తగిలి సర్దుకున్నామంటారా? అయితే ఆ ఘనత గోడలది. కష్టం నిజ వాయువులది, పుస్తకంలో ఫొటో తమరిది. పాఠం చెప్పేవారు ఈ చోటికి రాగానే “స్వల్పమైన అంతరచర్య ఉందనుకుందాం” అని గొంతు తగ్గించి, తర్వాతి పంక్తిలో అది లేదనుకుని లెక్క సాగిస్తారు. విద్యార్థి ప్రశ్న అడగడానికి చెయ్యెత్తేలోపు బోర్డు తుడిచేసి ఉంటుంది.

తమరి లెక్కల పుస్తకమూ తిరగేశాను. పెట్టె మధ్యలో అడ్డుగోడ పెట్టి, రెండు పక్కలా ఒకే పీడనంలో, ఒకే ఉష్ణోగ్రతలో నైట్రోజన్ నింపి, గోడ తీసేశామనుకోండి. ఏమీ మారలేదు. కానీ ప్రతి అణువుకూ విడివిడిగా పేరు పెట్టి లెక్కగడితే ఎంట్రోపీ (అణువులు ఎన్ని రకాలుగా అమరగలవో చెప్పే కొలత) పెరిగినట్టు తేలుతుంది. గోడ మళ్లీ పెడితే ఆ పెరిగింది ఏమైనట్టు? భౌతిక శాస్త్రవేత్త గిబ్స్ దీన్ని పందొమ్మిదో శతాబ్దంలోనే పట్టుకున్నాడు. అమరికల లెక్కను అణువుల సంఖ్య ఫాక్టోరియల్‌తో (ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేదానితో) భాగించమన్నారు, భాగించాం. ఎందుకు భాగించాలో గట్టిగా చెప్పడానికి క్వాంటం సిద్ధాంతం రావాల్సి వచ్చింది. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను వేటికవి గుర్తుపట్టలేనివిగా లెక్కించి చూపించాడు. అప్పటిదాకా తమరి ఖాతా సర్దుబాటు పద్దుతోనే నడిచింది.

చలిలో తమరి ప్రవర్తన మరీ అన్యాయం. ఉష్ణోగ్రత పరమ సున్నా (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) వైపు దించుతూ పోతే తమరి ఎంట్రోపీ సున్నా దగ్గర ఆగదు, రుణ అనంతం దాకా జారిపోతుంది. అమరికల సంఖ్య ఒకటి కంటే తక్కువైందని దాని అర్థం. అర అమరిక, పావు అమరిక ఎలా ఉంటాయో ఒకసారి గీసి చూపిస్తే చూడాలని ఉంది.

ఇక మా వంటింటికి రండి. ఎర్ర సిలిండర్లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది, లోపలి చోటు 33 లీటర్ల పైచిలుకు. అణువుల లెక్కకు వాడే కొలమానం మోలు; మోలుకు సుమారు 50 గ్రాములు వేసుకుంటే 284 మోల్స్. తమరి సూత్రంలో 27 డిగ్రీల సెల్సియస్ పెడితే పీడనం 200 అట్మాస్ఫియర్లు దాటుతుంది. నిజంగా ఉండేది పదికి లోపే! లోపల ఎక్కువ భాగం ద్రవంగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. మా అమ్మ తడి గుడ్డతో సిలిండర్‌ను పైనుంచి కిందికి తుడుస్తుంది. పై భాగం తొందరగా ఆరిపోతుంది, ద్రవం ఉన్నంత మేర తడి నిలుస్తుంది. ఆ గీత చూసి గ్యాసు ఇంకెన్నాళ్లు వస్తుందో చెబుతుంది. తమరి పాలనలో ఆ గీతే ఉండదు, ఎందుకంటే తమరు ఎంత నొక్కినా, ఎంత చల్లబరచినా ద్రవంగా మారరు.

అణువుకు కాస్త పరిమాణం, కాస్త ఆకర్షణ ఇచ్చి వాయువూ ద్రవమూ ఒకే సమీకరణంలో ఇముడుతాయని 1873లో డచ్ శాస్త్రవేత్త వాండర్ వాల్స్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఆయన ఆలోచనల ఆసరాతోనే 1908లో అదే ఊళ్లో కామర్లింగ్ ఓన్స్ హీలియంను ద్రవంగా మార్చాడు, సుమారు 4 కెల్విన్ల దగ్గర, అంటే పరమ సున్నాకు నాలుగు డిగ్రీల పైన. ఆసుపత్రుల ద్రవ ఆక్సిజన్ కూడా అణువుల ఆ ఆకర్షణ చలవే. ఇంత చేసినవారికి పాఠంలో దక్కింది అర పేజీ, తమరికి అధ్యాయం!

నిజ వాయువులకు వాటి వాటా పేజీలు వెంటనే అప్పగించగలరు. అభ్యంతరం ఉంటే జవాబు రాయండి. కాకపోతే పీడనం బాగా తక్కువగా, ఉష్ణోగ్రత బాగా ఎక్కువగా ఉన్న చోటు నుంచే పంపండి. మిగతా చోట్ల తమరి సంతకం చెల్లదు.

ఇట్లు,
నిజ వాయువులను పీల్చి బతుకుతున్న
ఒక భౌతిక శాస్త్ర విద్యార్థి