నీళ్ల హీటరు ఆపితే సగం చింత తీరినట్టే

డేరాలో సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కులోకి గాలి కొట్టే యంత్రం) వాడాలంటే పెద్ద ఇన్వర్టర్ కొనమన్నారు ఒక వ్యాసంలో. అంత ఖర్చు దేనికండీ? కరెంటును ఎక్కువగా తాగేది గాలి కొట్టే మోటారు కాదు, తేమ కోసం నీళ్లు వేడిచేసే హీటరు. దాన్నీ, గాలి గొట్టాన్ని వెచ్చబరిచే హీటరునీ ఆపేసి, ఇన్వర్టర్ బదులు యంత్రానికి సరిపడే డీసీ కన్వర్టర్ (బ్యాటరీ కరెంటును నేరుగా యంత్రానికి కావలసిన వోల్టేజీకి మార్చేది) తగిలించాను. 12 వోల్టుల, 20 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీతో లంబసింగిలో రెండు రాత్రులు గడిచాయి (నా యంత్రంలో గాలి ఒత్తిడి 9కే పెట్టి ఉంటుంది లెండి, ఎక్కువైతే కరెంటూ ఎక్కువే). ఆ చలికి ముక్కు ఎండి, పొద్దున్నే మంట పుట్టిన మాట నిజమే. అంతకుముందోసారి కారు బ్యాటరీకే తగిలించి పడుకుని, తెల్లవారాక బండిని నలుగురితో తోయించాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక రాత్రి బ్యాటరీ మీద పడుకుని చూడండి.