మెలనీ కంటే ఆ కేసే పెద్దది
హాలీవుడ్ నటి ఒలీవియా డి హావిలాండ్ అంటే 'గాన్ విత్ ద విండ్' సినిమాలో ఆమె వేసిన మెలనీ పాత్రే గుర్తొస్తుందని ఆమెపై వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. నాకైతే ముందు ఆమె వేసిన కేసు గుర్తొస్తుంది. నచ్చని పాత్ర వద్దంటే వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆమెను సస్పెండ్ చేసి, ఆ రోజుల్ని ఏడేళ్ల కాంట్రాక్టు చివర కలిపేది. 1943లో ఆమె కోర్టుకెక్కింది. 1936లో మరో నటి బెటీ డేవిస్ లండన్‌లో ఇదే స్టూడియోతో కేసులో ఓడిపోయింది. అయినా ఒలీవియా దిగిందంటే ఎంత ధైర్యం! 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు, ఏడేళ్లంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్లేనని తేల్చింది. నా మొదటి ఉద్యోగంలో బాండ్ ఉండేది, జ్వరంతో పెట్టిన సెలవుల్ని కూడా దాని చివర కలిపారు. ఆ టెన్షన్‌లో నేను నోరెత్తలేకపోయాను. ఒలీవియాకు రెండు ఆస్కార్లూ ఆ తీర్పు తర్వాతే వచ్చాయి.