నెర్వస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంగ్లిషు మాట నెర్వస్ గారికి,

మీ పాత జాతకం చేతికి చిక్కింది. ఇంతటి వస్తాదులని తెలిస్తే ఇన్నాళ్లూ మీ పేరు చెప్పుకుని వణికేవాళ్లమా?

మీ మూలపురుషుడు లాటిన్‌వాడు. ఆయనకు భయంతో ఏ చుట్టరికమూ లేదు. కండను ఎముకకు బిగించే నరమూ ఆయనే, వింటికి కట్టే నారీ ఆయనే. మన సంస్కృత ‘స్నాయువు’ మీకు వరసకు దాయాదే. మీరూ కొన్నాళ్లు దర్జాగా బతికారు. 1720లలో ఇంగ్లిషు కవి అలెగ్జాండర్ పోప్ పేరుతో వెలువడిన గ్రీకు కావ్యం ‘ఒడిస్సీ’ అనువాదంలో ‘నెర్వస్ చేతులు’ అంటే ఉక్కుచేతులు! వీరుణ్ణి మెచ్చుకుంటూ అన్న మాట అది. 1755 నాటి తన ఇంగ్లిషు నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ కూడా మీకు ముందు రాసిన అర్థం ‘దృఢమైన, బలమైన’ అనే. చివర్లో మాత్రం ‘ఇది వైద్యుల పరిభాష’ అని చురక అంటించి, బలహీనమైన నరాలు గలవాడని ఇంకో ముక్క తగిలించాడు. దొడ్డిదారిన వచ్చిన ఆ ముక్కే ఇప్పుడు ఇంటి యజమాని.

ఎలా అయింది? 1733లో జార్జ్ చేన్ అనే వైద్యుడు ఇంగ్లండులో గొప్పింటివాళ్ల జబ్బుల్లో దాదాపు మూడో వంతు నరాలవేనని రాశాడు. సుఖంగా బతికేవాళ్లకు, సున్నితమైనవాళ్లకు వచ్చే జబ్బట. హోదా ఇచ్చే రోగం ఎవరికి చేదు?

ఆ హోదా ఇంకా పోలేదు సుమా. మైకు ముందు నిలబడి, చేతిలో కాగితం టపటపలాడుతుంటే ‘కొంచెం నెర్వస్‌గా ఉంది’ అనండి, సభ నవ్వి చప్పట్లు కొడుతుంది. అదే మనిషి ‘భయంగా ఉంది’ అంటే పక్కవాడు మంచినీళ్లు పట్టుకొస్తాడు.

మీ ఇంటి వ్యాకరణం మరీ విడ్డూరం. ‘నెర్వ్’ ఒక్కటే ఉంటే తెగువ, పదిమంది ముందు పొగరు కూడాను. అదే ‘నెర్వ్స్’ అయిందా, గుండెదడ. ఒక్క నరం ఉన్నవాడు మొనగాడు, పది ఉన్నవాడు పిరికివాడు. ఇదేం లెక్కండీ?

మా తెలుగింట్లో దూరి చేసిన నిర్వాకం వేరే చెప్పాలి. కొత్త ముఖాల ముందు బెరుకు, అడుగు వేయాలా వద్దా అన్నచోట జంకు, వేళ మించిపోతుంటే కంగారు, ఒక్కసారిగా అడిగితే తత్తరపాటు. ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. అందరినీ ఇంటికి పంపి ఆ కుర్చీలన్నిట్లో మీరొక్కరే కూర్చున్నారు.

తమాషా ఏమిటంటే, మీరు వచ్చారనుకున్న ఆ క్షణంలో ఒళ్లు చేసేది మీ పాత పనే. అడ్రినలిన్ అనే హార్మోను ఎగజిమ్మి, గుండెను పరుగెత్తించి, కాళ్లూ చేతుల కండలకు నెత్తురు తోస్తుంది. నిఘంటువు మారిన సంగతి దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కనుక ఒక మనవి. పాత ఉద్యోగంలో చేరమని అడగను. బెరుకునీ జంకునీ మాత్రం డ్యూటీకి రానివ్వండి. నెర్వస్ సిస్టమ్‌లో మీ పోస్టు ఎలాగూ పర్మనెంటే కదా!

ఇట్లు,
భయం వేస్తే భయమనే చెప్పుకోదలచిన ఒకడు