సవరణ: పాత బాక్స్‌స్టర్‌కు ఈసీయూ రీమ్యాపింగ్

ఈసీయూ రీమ్యాపింగ్‌పై, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌ (ఈసీయూ)లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చడంపై గతవారం రాసినప్పుడు, 1997 నాటి పోర్షే బాక్స్‌స్టర్‌ను ఉదాహరణగా తీసుకుని, సాఫ్ట్‌వేర్ మార్పుతోనే దాని శక్తి 25 శాతం దాకా పెరుగుతుందని పేర్కొన్నాను. అది తప్పు.

ఆ అంకె టర్బో ఇంజిన్లకు చెల్లుతుంది. వాటిలో బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) పెంచి సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టవచ్చు. బాక్స్‌స్టర్‌లోని 2.5 లీటర్ల, 204 హార్స్‌పవర్ ఇంజిన్‌కు టర్బో లేదు. తాను పీల్చుకోగలిగిన గాలే దానికి దక్కుతుంది కనుక, ఇగ్నిషన్ టైమింగ్‌నూ (స్పార్క్ పడే క్షణాన్నీ) ఇంధన మిశ్రమాన్నీ ఎంత నేర్పుగా సవరించినా పెరుగుదల సాధారణంగా 5 శాతం చుట్టుపక్కలే, అంటే పది హార్స్‌పవర్ మేరకే ఉంటుంది.

నేను అసలు ప్రస్తావించని సంగతి మరొకటి ఉంది. భీమవరం, అమలాపురం వైపు మే నెల ఉక్కలో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కి పలుచబడుతుంది. దానికి తోడు 91 ఆక్టేన్ పెట్రోలు పోస్తే, రీమ్యాపింగ్‌లో ముందుకు జరిపిన టైమింగ్ వల్ల నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలై, నాక్ సెన్సర్ హెచ్చరికతో ఈసీయూయే టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది. అప్పుడు డబ్బు పెట్టి తెచ్చుకున్న ఆ కాస్త శక్తీ గోదాట్లో కలిసినట్టే. పాతికేళ్లు దాటిన కారుకు ముందుగా ఎయిర్‌ఫ్లో సెన్సర్, ఇగ్నిషన్ కాయిళ్లు సరిచూపించడమే మేలని ఇప్పుడు నా అభిప్రాయం.