పి అంటే పడమర

చెన్నైలో కాశిమేడు చేపల హార్బర్‌కి కూతవేటు దూరంలో నాకొక చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు, పెళ్ళిపందిళ్ళకి సీరియల్ సెట్లు, వైరున్న వస్తువు ఏదైనా నా చేతిలో పడితే బాగుపడాల్సిందే. ఇది నేను చెప్పుకునే మాట కాదు, షాపు బోర్డు మీద రాసి ఉంది. బోర్డు రాయించింది నేనే అనుకోండి, అది వేరే సంగతి.

నెల్లూరు నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇక్కడి బోట్ల మీద పనిచేసేవాళ్ళలో శ్రీకాకుళం వాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక సరంగు, అంటే బోటు నడిపించే పెద్ద, నాకు బాగా దగ్గరవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఒకరినొకరం బావా అనుకుంటాం. సొంత బావలాగే బిల్లు ఇచ్చే రోజు మాత్రం కనపడడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. ఆ రెండు నెలలూ హార్బర్ పెళ్ళివారి ఇల్లులా ఉంటుంది. చెక్క గోకేవాడు గోకుతుంటాడు, రంగు వేసేవాడు వేస్తుంటాడు, ఇంజన్ విప్పి బిగించినవాడు మిగిలిపోయిన నట్లని చేతిలో పెట్టుకుని దీర్ఘంగా ఆలోచిస్తుంటాడు. నాకూ అదే సీజను. జూన్ రెండో వారంలో మా సరంగు వచ్చి, "బావా, లైట్లన్నీ కొత్తవి ఎట్టాల. పాతవి ఉప్పుగాలికి తుప్పట్టిపోనాయి" అన్నాడు.

బోటు లైట్లు బిగించడం నాకు అదే మొదటిసారి. ఆ ముక్క ఆయనకి చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ అన్నవాడు ఎక్కడా చెప్పడు. "ఇదెంత పని" అంటాడు. నేనూ అదే అన్నాను.

స్తంభం మీది లైట్లు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఏది పైన, ఏది కింద అన్నది సరంగే చెప్పాడు. పచ్చ పైన, తెలుపు కింద వెలిగితే వల లాగుతూ పోతున్నామని అర్థమట. ఎరుపు పైన, తెలుపు కింద ఉంటే అది ఇంకో రకం వేట. ఒకదాని కింద ఒకటి రెండూ ఎరుపే అయితే, ఈ బోటు మా చెప్పుచేతల్లో లేదు, మీరే చూసుకుని పోండి అని. "ఆ రెండూ మా ఓనరు నెత్తిమీద ఎట్టాల" అని నవ్వి, డీజిల్ లెక్క చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ "సైడు లైట్లు నీకు తెలుసు గదా" అన్నాడు. "ఎందుకు తెలీదు" అన్నాను.

సైడు లైట్లు రెండు. ఒకటి ఎర్ర అద్దం, ఒకటి పచ్చ అద్దం. ఎర్రదాని వీపు మీద ఇంగ్లీషులో పి అనీ, పచ్చదాని వీపు మీద ఎస్ అనీ అక్షరాలు పోతపోసి ఉన్నాయి. నిచ్చెన పట్టుకున్న మా షాపు కుర్రాడు "పి అంటే ప్లస్ ఏమో అన్నా" అన్నాడు. ప్లస్ లైటు, మైనస్ లైటు అని విడివిడిగా ఉండవురా అని వాడికి కరెంటు పాఠం చెబుతూనే లోపల్లోపల ఆలోచిస్తున్నాను. బోటు ముక్కు దక్షిణానికి ఉంది. కుడిపక్క జెట్టీకి ఆనుకుని ఉంది. జెట్టీ అవతల ఊరు, అంటే పడమర. ఎడంపక్క నీళ్ళు, ఆపైన సముద్రం.

బుర్రలో బల్బు వెలిగింది. పి అంటే పడమర! ఎస్ అంటే సముద్రం!

చెన్నైలో సముద్రం తూర్పునే ఉంటుంది, ఇంకెక్కడికీ పోదు. కంపెనీవాడు ఎంత తెలివిగా పెట్టాడో అని మెచ్చుకుని, ఎర్రది జెట్టీ వైపు, పచ్చది సముద్రం వైపు బిగించి, వానకి తడవకుండా టేపు చుట్టి, స్విచ్ వేసి చూశాను. రెండూ వెలిగాయి. వెలిగాక ఇంకేం కావాలి?

నా లెక్కలో లోపమల్లా ఒక్కటే. బోటు కదులుతుంది.

నిషేధం ముగిసిన రాత్రి హార్బర్ మీరు చూడాలి. కర్పూరం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, ఐసు పెట్టెలు, ఇంజన్ల పొగ, జెట్టీ మీద ఆడవాళ్ళ అప్పగింతలు. వరసపెట్టి బోట్లన్నీ తూర్పుకి తిరిగి బయల్దేరతాయి. నేను కూడా ఒడ్డున నిలబడి, నా లైట్లు చీకట్లో మెరుస్తూ పోతుంటే కూతుర్ని అత్తారింటికి పంపిన తండ్రిలా కాసేపు చూసి ఇంటికెళ్ళి పడుకున్నాను.

ఒంటిగంటన్నరకి ఫోను. సిగ్నల్ అందే దూరంలోనే ఉన్నట్టున్నారు.

"ఏటి బావా ఇది? ఎర్రది అటెట్టావు, పచ్చది ఇటెట్టావు!"

విషయం ఏమిటంటే, బోటు ముక్కు వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి పక్క ఎరుపు, కుడి చేతి పక్క పచ్చ ఉండాలి. ప్రపంచమంతా ఒకటే రూలు. 1972లో అన్ని దేశాలూ కూర్చుని రాసుకున్నాయి. ఒక్కో సైడు లైటూ సరిగ్గా 112.5 డిగ్రీల మేరే కనపడాలి, మిగిలిన 135 డిగ్రీలూ వెనక తెల్ల దీపానివి అని అర డిగ్రీ కూడా వదలకుండా పంచుకున్నారు. అంత పంచినవాళ్ళు, పి అంటే ఏమిటో నాలాంటివాడికి ఒక ముక్క చెప్పడం మర్చిపోయారు. చీకట్లో అవతలి బోటు రూపం కనపడదు కాబట్టి దాని రంగు చూసే అది ఎటు పోతోందో తెలుసుకోవాలి. కుడిపక్క నుంచి వచ్చేవాడి ఎర్ర లైటు కనపడితే మనం తప్పుకోవాలి. చెన్నై రోడ్ల మీద ఎర్ర లైటుకి దక్కని మర్యాద సముద్రంలో దక్కుతుంది.

ఇప్పుడు మా సరంగు బోటు సంగతి ఊహించుకోండి. అన్ని బోట్లూ తూర్పుకి పోతున్నాయి. ఎడంపక్క పోయేవాళ్ళకి దీని పచ్చ లైటు కనపడుతోంది, కుడిపక్క పోయేవాళ్ళకి ఎర్రది. అంటే ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా, ఊరంతా వేటకి పోతుంటే ఈ బోటు ఒక్కటే వెనక్కి తిరిగి ఇంటికొచ్చేస్తోంది! కాసేపట్లో పక్క బోటువాడు హారన్ కొట్టాడు. పొట్టి కూతలు, వరసగా అయిదు. దానికో అర్థం ఉంది. ఒక పొట్టి కూత కూస్తే నేను కుడికి తిరుగుతున్నా, రెండు కూస్తే ఎడమకి, మూడు కూస్తే ఇంజన్ రివర్స్‌లో వేశా అని. అయిదు కూస్తే, 'నాయనా, నీ ఉద్దేశం ఏమిటో నాకు అంతుపట్టడం లేదు' అని.

తర్వాత వైర్‌లెస్ సెట్టు మోగడం మొదలైంది. 16వ ఛానల్ ఆపదకీ, పిలుపుకీ మాత్రమే. అందులో కబుర్లు చెప్పకూడదు, పిలిచి వేరే ఛానల్‌కి మారి మాట్లాడుకోవాలి. మా వాళ్ళు రూలు తప్పే మనుషులు కాదు. ఒక్కొక్కడూ పద్ధతిగా 16లో పిలిచి, వేరే ఛానల్‌కి మార్పించి మరీ వెక్కిరించారు.

"ఏం సరంగూ, అప్పుడే ఇంటిది గుర్తొచ్చిందా?"

"రివర్స్ గేరులో పోతే చేపలు ఎక్కువ పడతాయేటి?"

"చెప్పులు ఎడమా కుడీ మార్చి తొడుక్కున్న సంటోడిలాగున్నావు."

ఈ మూడోది నాకు నచ్చింది. ఫోనులో నవ్వాను కూడా. నవ్వకుండా ఉండాల్సింది. ఆ రాత్రికి లైట్లు ఊడదీయించి, కళాసీ చేత ఎలాగో అటూ ఇటూ కట్టించుకుని గడిపేశాడు.

నాలుగు రోజుల తర్వాత బోటు తిరిగొచ్చింది. షాపు ముందు నిలబడి సరంగు పాఠం మొదలెట్టాడు. "ఎస్ అంటే స్టార్‌బోర్డ్. కుడి. పి అంటే పోర్ట్. ఎడమ."

"పోర్ట్ అంటే రేవు కదా బావా. రేవు పక్కనేగా పెట్టాను!"

ఆయన నోరు తెరిచి మళ్ళీ మూశాడు. నా మాటలో న్యాయం ఉంది. పూర్వం ఓడలకి చుక్కాని కుడిపక్కన ఉండేదట. అది విరక్కుండా ఎడంపక్కనే రేవుకి ఆనించేవాళ్ళు, అందుకే ఎడమకి ఆ పేరు. ఇది మా అబ్బాయి ఫోనులో వెతికి చెప్పాడు. అంటే కుడిపక్కన ఆనించి బోటు కట్టినవాళ్ళదే తప్పు, కట్టినదాన్ని కట్టినట్టు నమ్మిన నాది కాదు. ఇంత వాదించినా సరంగు దిగిరాలేదు. "బావా, ఎడమకి ఎరుపు. ఎ-కి ఎ. ఎలుక అని పిల్లోడికి అక్షరాలు నేర్పినట్టు నేర్పుతున్నాను, గుర్తెట్టుకో" అన్నాడు. నిజమే, తెలుగులో ఎంత తేలిక! ఇంగ్లీషువాడు అనవసరంగా కష్టపడ్డాడు.

లైట్లు సరిచేశాను. కానీ ఆయనకి నమ్మకం పోయింది. "ఒడ్డున సూత్తే కుదరదు, నీళ్ళ మీదకెళ్ళి సూసి సెప్పు" అని సాయంత్రం నన్నొక ఫైబర్ బోటు ఎక్కించి హార్బర్ మూతి దాకా పంపాడు. ఎదురుగా కొంచెం దూరంలో ఆయన బోటు, పైన నిచ్చెన మీద మా కుర్రాడు.

ఇరవై రెండేళ్ళుగా సముద్రం పక్కన ఉంటున్నాను కానీ సముద్రం మీద ఎప్పుడూ లేను. అయిదో నిమిషానికి పొద్దున తిన్న పొంగలి కూడా గుర్తొచ్చింది. ఫైబర్ బోటు తాత నా మొహం చూసి, "దూరంగా కదలని దాన్ని చూడు నాయనా" అని దక్షిణాన మెరీనా లైట్‌హౌస్ చూపించాడు. నా మనసు మళ్ళించడానికి దాని కథ ఎత్తుకున్నాడు. ఇప్పుడున్నది 1977లో వచ్చింది. అంతకు ముందు 1894 నుంచి ఆ దీపం హైకోర్టు గోపురం మీదే వెలిగేది. దానికీ ముందు హైకోర్టు ఆవరణలో ఒక రాతి స్తంభం మీద, ఇంకా ముందు కోటలో కొబ్బరినూనె దీపాలు. అంటే ఎనభై ఏళ్ళపాటు ఈ ఊళ్ళో దారి తప్పినవాడు నీళ్ళ మీద ఉన్నా నేల మీద ఉన్నా కోర్టు వైపే చూశాడన్నమాట. నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు పొంగలి కూడా వచ్చింది. ఆ సంగతి వదిలేద్దాం.

తేరుకుని చూస్తే రంగులు సరిగ్గానే ఉన్నాయి. ఎర్ర లైటు మాత్రం ఆకాశం వైపు చూస్తోంది. దాన్ని కాస్త కిందికి వంచాలి. ఇంజన్ చప్పుడులో అరిస్తే వాడికి వినపడదు. షాపులో ఫ్యాను బిగించేటప్పుడు నిచ్చెన మీదున్నవాడికి ఎలా చెబుతాం? అలాగే చెప్పాను. లేచి నిలబడి, రెండు చేతులూ పక్కలకి బారచాపి, నెమ్మదిగా కిందికి దించాను. వాడు కదల్లేదు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ నెమ్మదిగా దించాను. మళ్ళీ. మళ్ళీ.

కుర్రాడు తప్ప అందరూ కదిలారు.

హార్బర్‌లోకి వస్తున్న ఒక బోటు తిరిగింది. దాని వెనక ఇంకోటి. ఎవరో ఈల వేశారు, ఎవరో తాడు చుట్ట విప్పారు. ఏదో మెరుపులా వచ్చి ఠపీమని నా రొమ్ముకి తగిలింది. చూస్తే లైఫ్ బాయ్, మునిగేవాళ్ళకి విసిరే తేలే చక్రం. మా తాతేమో తల పట్టుకుని "కూచో నాయనా, చేతులు దించి కూచో" అంటున్నాడు. రెండు చేతులూ చాపి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించడం 'మునిగిపోతున్నాం, కాపాడండి' అని చెప్పే అంతర్జాతీయ సైగట. ఎవరో కోస్ట్ గార్డుకి 1554 కొట్టబోతుంటే సరంగు తన బోటు మీంచి, "వద్దు బాబో, ఆడు మా ఎలక్ట్రీషియన్!" అని కేకలు పెట్టి ఆపాడు.

కాపాడ్డానికి వచ్చినవాళ్ళు తిరిగిపోతూ ఒక్కొక్కరూ హారన్ కొట్టారు. అయిదేసి కూతలు.

ఆ రోజు నుంచి నాకు హార్బర్‌లో పేరు మారింది. జెట్టీ మీద నడుస్తుంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నోటితోనే "పాం పాం పాం పాం పాం" అంటారు. వంజరం కొనడానికి పోతే చేపలమ్మే అక్క రెండు చేతులూ ఎత్తి దించి ఎంతకిస్తావని అడుగుతుంది. ఈ విద్య ఇంటిదాకా పాకింది. మొన్న నేను టీవీ రిమోట్ కోసం ఫ్రిజ్‌లో వెతుకుతుంటే మా ఆవిడ మాట్లాడకుండా గరిటెతో స్టీలు కంచం మీద అయిదు దెబ్బలు కొట్టి తన పని తాను చేసుకుంది.

ఇక ఇలా కాదని, షాపులో ఉన్న సైడు లైట్ల పెట్టెలన్నీ దించాను. పి ఉన్న ప్రతి పెట్టె మీదా మార్కర్‌తో పెద్దగా 'ఎ' అని రాశాను. నిన్న కొత్త ఆర్డర్ వస్తే నాకు వేరే పనుండి మా కుర్రాణ్ణే పంపించాను. సాయంత్రం వాడు తిరిగొచ్చి టూల్ బ్యాగు దించుతుంటే అడిగాను.

"అక్షరం చూసి బిగించావు కదరా?"

"చూశానన్నా. ఎర్రది ముందుకీ, పచ్చది వెనక్కీ పెట్టా. గట్టిగా బిగించా."

"ముందూ వెనకా ఏంట్రా?"

"ఎ అంటే ఎదర కదన్నా?"

నేను ఏదో అనబోయాను. ఈలోగా హార్బర్ వైపు నుంచి హారన్ వినపడింది. కుర్రాడు వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. నాకు లెక్కపెట్టే పని లేదు.