చిగురించినంత మాత్రాన దారి భద్రం కాదు
కాలిన కొండల్లో చెట్లు చిగురించగానే సైకిల్ దారులను తెరిచేయాలన్న వ్యాసకర్త వాదనతో నేను ఏకీభవించలేను. ఎండుచెట్ల తొలగింపు ఎంతవరకు వచ్చిందన్నదే అసలు కొలమానం కావాలి. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల రేగిన కార్చిచ్చు కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ కొండల్లో 86 వేల ఎకరాలకు పైగా దహించిన తరువాత, రెడ్‌వుడ్ చెట్లు నల్లబడిన మొదళ్ల నుంచే పచ్చబడ్డాయి గానీ, వాటి పక్కనే నిలువునా ఎండిపోయిన డగ్లస్ ఫర్ చెట్లు గాలి లేని రోజున కూడా కూలగలవు. వేళ్లు లోలోపల కాలిపోయిన చోట, పైకి గట్టిగా కనిపించే మట్టి కింద బోలు మిగిలిపోతుంది. తెరిచి ఉన్న దారిలోనే మిత్రులతో కలిసి వాలు దిగుతుండగా నా సైకిల్ ముందు చక్రం అలాంటి గుంటలో ఇరుసు దాకా దిగబడింది. చెయ్యి పెట్టి చూస్తే బొగ్గు తగిలింది. పైగా తీవ్రంగా కాలిన నేల నీటిని త్వరగా ఇంకనివ్వదు కనుక పెద్ద వానకు దారి కోసుకుపోతుంది, ఆ గాడిని మా టైర్లే (ఇది సైకిల్ తొక్కే మావాళ్లకు రుచించని మాట) మరింత లోతు చేస్తాయి.