వెండి నాణేల చోట బెలూన్లు

పాత ఆటను కొత్త యంత్రం మీదికి తెచ్చేటప్పుడు దేన్ని ఉంచాలి, దేన్ని మార్చాలి అన్న ప్రశ్నకు 'డిడ్డీ కాంగ్ రేసింగ్ డీఎస్' చెప్పిన జవాబు విచిత్రమైనది. 1997 చివర్లో నింటెండో 64 కన్సోల్ మీద వచ్చిన 'డిడ్డీ కాంగ్ రేసింగ్'ను తయారు చేసినది ఇంగ్లండ్‌లో ట్వైక్రాస్ అనే చిన్న ఊరిలోని రేర్ సంస్థ. దాన్నే ఆ సంస్థ మళ్లీ దాదాపు పదేళ్ల తర్వాత, 2007 ఫిబ్రవరిలో, చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ కోసం పునర్నిర్మించింది. ద్వీపం అదే, ట్రాక్‌లు చాలావరకు అవే, బాణీలు అవే, ప్రతినాయకుడు విజ్‌పిగ్ అనే మాంత్రిక వరాహమూ అతడే. అయినా రెండింటినీ వరసగా ఆడిన వారికి రెండోది వేరే ఆటగా తోస్తుంది. బొమ్మల నాణ్యతకూ శబ్దానికీ ఇందులో పెద్ద పాత్ర లేదు. మొదటి ఆట ఆటగాడి చేత ఏ పని చేయించిందో, సరిగ్గా ఆ పనినే రీమేక్ అతని చేతుల్లోంచి తీసేసుకుంది.

మూలం గొప్పతనం ఏమిటో ముందు చూడాలి. చిన్న బండ్ల మీద ఒకరిపై ఒకరు ఆయుధాలు వాడుకుంటూ పోటీపడే కార్ట్ రేసింగ్ అనే ప్రక్రియకు 1992లో 'సూపర్ మారియో కార్ట్' రూపమిచ్చింది. దాని వారసుడు 'మారియో కార్ట్ 64' వచ్చిన కొద్ది కాలానికే డిడ్డీ కాంగ్ రంగంలోకి దిగింది. మొదట దీన్ని 'ప్రో-యామ్ 64' పేరుతో, అంటే రేర్ సంస్థే ఎనభైల చివర్లో చేసిన 'ఆర్.సి. ప్రో-యామ్'కు కొనసాగింపుగా మొదలుపెట్టారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు రావలసిన రేర్ మరో ఆట 'బాంజో-కజూయీ' మరుసటి ఏటికి వాయిదా పడడంతో, పండగ సీజన్‌కు ఒక పెద్ద ఆట అవసరమై, అప్పటికే జనం ఎరిగిన డిడ్డీ అనే కోతిపిల్లను ముందు నిలబెట్టారు. ఇలా వ్యాపార అవసరం కొద్దీ పేరు మారిన ఆటలో కొత్త ఊహలు ఇన్ని ఉండడం ఆశ్చర్యమే. కారుతో పాటు హోవర్‌క్రాఫ్ట్, విమానం కూడా నడపవచ్చు. మారియో కార్ట్‌లో మాదిరిగా 'కప్' అనే పోటీల జాబితాలోంచి ఒకటి ఎంచుకోవడం కాకుండా, టింబర్ ద్వీపమంతా స్వేచ్ఛగా తిరుగుతూ, తాజ్ అనే ఏనుగు భూతాన్ని కలుస్తూ, బంగారు బెలూన్లు కూడబెట్టి ఒక్కో లోకం తలుపు తెరుచుకోవాలి. ఆయుధాల విషయంలోనూ అదృష్టం మీద భారం వేయలేదు. ఎరుపు బెలూన్ క్షిపణిని, నీలం వేగాన్ని ఇస్తుందని ముందే తెలుస్తుంది. ఒకే రంగు బెలూన్లను వరసగా పట్టుకుంటే ఆయుధం బలం రెండో, మూడో మెట్టుకు ఎక్కుతుంది. ఇప్పుడే వాడుకోవాలా, దాచుకోవాలా అన్న లెక్క ఆటగాడి చేతిలోనే ఉంటుంది.

వీటన్నిటికన్నా ఈ ఆటకు వెన్నెముక వెండి నాణేల పోటీ. ఒక లోకంలోని నాలుగు ట్రాక్‌లూ గెలిచి, అక్కడి పెద్ద జంతువును (మొదటి లోకంలోనైతే ట్రికీ అనే మూడు కొమ్ముల రాక్షసబల్లిని) ఓడించాక, ఆ పని అయిపోయిందనుకుంటాం. అప్పుడు ఆట మనల్ని మళ్లీ అవే నాలుగు ట్రాక్‌లకు పంపుతుంది. ఈసారి దారి పొడుగునా ఎనిమిది వెండి నాణేలు పరిచి ఉంటాయి. రేసు ముగిసేలోగా ఎనిమిదీ ఏరుకోవాలి, ఏరుకుంటూనే మొదటి స్థానంలో రావాలి. నాణేలను పెట్టిన తీరులోనే రూపకర్తల తెలివి కనబడుతుంది. వేగంగా పోయేవాడు సహజంగా పట్టే దారిలో అవి దొరకవు. మలుపు బయటి అంచున ఒకటి, వేగం పెంచే పట్టీకి సరిగ్గా అవతలి పక్కన ఒకటి, ఎవరూ తొంగిచూడని మూల మరొకటి. మొదటి చుట్టులో తప్పిన నాణెం కోసం రెండో చుట్టులో దారి మార్చుకోవాలి, ఆ మార్పుతో పోయిన క్షణాలను ఇంకెక్కడో రాబట్టుకోవాలి. అరటిపళ్లు ఏరుకుంటే గరిష్ఠ వేగం పెరుగుతుంది, శత్రువు దెబ్బ తగిలితే అవి రాలిపోతాయి. వేగపు పట్టీ మీదికి వచ్చే ముందు యాక్సిలరేటర్ వదిలేస్తే ఊపు ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ కిటుకులేవీ తెలియకుండానే మామూలు రేసులు గెలిచేయవచ్చు. నాణేల పోటీలో మాత్రం ఇవన్నీ నేర్చుకుని తీరవలసిందే. కొత్తగా ఒక్క ట్రాక్ కూడా గీయకుండా, ఉన్న ట్రాక్‌నే ఆటగాడు రెండోసారి, మరింత శ్రద్ధగా చదివేలా చేసిన ఏర్పాటు ఇది. కఠినమని విసుక్కున్న పిల్లలు లేకపోలేదు. కానీ ఈ ఆటలోని మలుపులు ఇన్నేళ్ల తర్వాత కూడా కొందరికి కంఠతా ఉన్నాయంటే ఆ ఘనత నాణేలదే.

డీఎస్ రూపంలో అడ్వెంచర్ కథనంలోంచి, అంటే ద్వీపంలో తిరుగుతూ లోకాలు గెలుచుకునే భాగంలోంచి, ఈ పోటీని తప్పించారు. దాని స్థానంలో టచ్ స్క్రీన్ పరీక్షలు వచ్చాయి. వీటిలో మన ప్రయాణం ముందే వేసిన దారిలో తనంతట తాను సాగిపోతుంది. ఎదురొచ్చే బెలూన్లను స్టైలస్‌తో, అంటే తెర మీద తాకే పుల్లతో, తాకి పగలగొట్టడమే మన పని. రేసింగ్ ఆటలో నైపుణ్యానికి పరాకాష్ఠగా నిలవాల్సిన చోట స్టీరింగే లేదు! నాణేల పోటీ ఆటగాణ్ణి ట్రాక్‌కు దగ్గర చేస్తే, బెలూన్ల పరీక్ష అతణ్ణి కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడిగా మార్చింది. ఆ నాలుగు ట్రాక్‌లనే మళ్లీ చూస్తాం, కాని వాటి గురించి కొత్తగా ఏమీ తెలుసుకోం. సరదాగా లేదా అంటే మొదటి రెండు మూడు సార్లు ఉంటుంది. అడ్వెంచర్ ముందుకు నడవాలంటే వాటిని దాటక తప్పదన్న నిబంధన దగ్గరే చిక్కంతా ఉంది.

ఇదే ధోరణి రేసు ఆరంభ రేఖ దగ్గర కూడా కనబడుతుంది. పాత ఆటలో మొదటి క్షణపు ఊపు కావాలంటే సంకేతం పడే వేళకు సరిగ్గా బటన్ నొక్కాలి. రీమేక్‌లో కారుకైతే తెర మీద చక్రాన్ని స్టైలస్‌తో గిరగిరా తిప్పాలి, విమానానికైతే ప్రొపెల్లర్‌ను తిప్పాలి, హోవర్‌క్రాఫ్ట్‌కైతే మైక్రోఫోన్‌లోకి ఊదాలి. ఆ పని కాగానే స్టైలస్ సంగతి ఎలా ఉన్నా రెండు బొటనవేళ్లనూ గబగబా బటన్ల మీదికి తేవాలి. బస్సులోనో రైల్లోనో ఆడుకోవడానికి తయారైన యంత్రంలోకి ప్రతి రేసుకూ ముందు ఉఫ్ ఉఫ్ మని ఊదుతూ కూర్చునే మనిషిని పక్క సీటాయన ఎలా చూస్తాడో రూపకర్తలు ఆలోచించినట్టు లేదు.

వారిని పూర్తిగా తప్పుపట్టడం కూడా భావ్యం కాదు. 2004 నవంబరులో అమెరికాలో డీఎస్ విడుదలైనప్పుడు దాని ప్రత్యేకతలన్నీ ఇవే: రెండు తెరలు, కింది తెర తాకితే పలకడం, లోపల మైక్రోఫోన్. ఈ సదుపాయాలను వాడని ఆట ఆ యంత్రానికి తగినది కాదన్న అభిప్రాయం ఆ తొలి సంవత్సరాల్లో గట్టిగా ఉండేది, ఎన్నో ఆటల్లో అనవసరపు గీతలూ రుద్దుళ్లూ అలాగే చొరబడ్డాయి. అయితే ఆ ఒత్తిడికి లొంగనవసరం లేదని నింటెండో సొంత ఆటే అప్పటికి నిరూపించింది. 2005 నవంబరులో వచ్చిన 'మారియో కార్ట్ డీఎస్' రేసు నడుస్తున్నంతసేపూ కింది తెరను ప్రధానంగా పటం చూపడానికే ఉంచింది, నడపడం మొత్తం బటన్లకే వదిలింది. పాతదాన్ని గౌరవించే విషయంలోనూ అది వేరే దారి తొక్కింది: పదహారు కొత్త ట్రాక్‌లతో పాటు, పూర్వపు నాలుగు ఆటల్లోంచి తెచ్చిన పదహారు ట్రాక్‌లను చేర్చింది. ఆ ఆట రెండు కోట్ల ముప్ఫై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాని తర్వాత పదిహేను నెలలకు వచ్చిన డిడ్డీ కాంగ్ రీమేక్‌ను అందరూ దానితోనే పోల్చారు. పోల్చకుండా ఉండడం సాధ్యమూ కాదు.

యంత్రం విధించిన ఇబ్బంది మరొకటి ఉంది, దానికి రేర్ బాధ్యత తక్కువ. నింటెండో 64 కంట్రోలర్ మధ్యలో ఉన్న అనలాగ్ స్టిక్‌ను ఎంత వంచితే బండి అంత తిరుగుతుంది. డీఎస్‌కు ఉన్నది నాలుగు దిక్కుల మీట మాత్రమే. నొక్కితే పూర్తిగా తిరుగుతుంది, వదిలితే అసలు తిరగదు. తొలి మారియో కార్ట్ పుట్టినదే అలాంటి మీట కోసం కాబట్టి దానికి అది లోపం కాలేదు. నీటి మీద జారుతూ పోయే హోవర్‌క్రాఫ్ట్‌నూ, గాలిలో పైకీ కిందికీ కూడా తిప్పవలసిన విమానాన్నీ అనలాగ్ స్టిక్‌ను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. వాటిని నాలుగు దిక్కుల మీటతో నడిపేటప్పుడు బొటనవేలు టకటకా కొట్టుకుంటూనే ఉండాలి. నింటెండో 64 నుంచి ఇలాగే డీఎస్ మీదికి వచ్చిన 'సూపర్ మారియో 64 డీఎస్'కు కూడా ఇదే జబ్బు పట్టుకుంది. బహుశా నాణేల పోటీని తప్పించడానికి ఇదీ ఒక కారణం కావచ్చునని నా ఊహ: అంచున ఉన్న నాణేన్ని అందుకోవడానికి కావలసిన సూక్ష్మమైన ఒంపు ఈ మీటకు లొంగదు. అదే నిజమైతే నాణేల స్థానాలను కాస్త సడలించి ఉంటే సరిపోయేది.

పాత్రల జాబితాలో జరిగిన మార్పుకు ఆట రూపకల్పనతో సంబంధం లేదు, ఆస్తి పంపకంతో ఉంది. 2002 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకు రేర్‌ను కొనుగోలు చేసింది. డిడ్డీతో సహా డాంకీ కాంగ్ కుటుంబం నింటెండో దగ్గరే ఉండిపోయింది. బాంజో అనే ఎలుగుబంటి, కాంకర్ అనే ఉడుత రేర్‌తో పాటు కొత్త యజమాని ఇంటికి వెళ్లాయి. అప్పట్లో మైక్రోసాఫ్ట్‌కు చేతిలో పట్టే యంత్రం ఏదీ లేదు కనుక, నింటెండో చేతి యంత్రాలకు ఆటలు చేయడాన్ని రేర్ కొనసాగించింది. అంతకుముందు 'డిడ్డీ కాంగ్ పైలట్'గా మొదలైన ఆట 2005లో 'బాంజో-పైలట్'గా మారి గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది కూడా ఈ పంపకం వల్లనే. అక్కడ కోతి పోయి ఎలుగు వస్తే, ఇక్కడ ఎలుగూ ఉడుతా పోయి డిక్సీ కాంగ్, టైనీ కాంగ్ వచ్చారు. ప్రపంచానికి బాంజో, కాంకర్ మొదటిసారి పరిచయమైనది 1997 నాటి మూలంలోనే. పునర్నిర్మాణంలో వారిద్దరికే చోటు లేకపోయింది, అదీ వారిని సృష్టించిన సంస్థ చేతుల మీదుగానే. విచిత్రమేమిటంటే, తర్వాత బాంజో ఆటలో కూడా కనిపించిన టిప్‌టప్ అనే తాబేలు మాత్రం భద్రంగా మిగిలింది. సంస్థ స్థాపకులైన టిమ్, క్రిస్ స్టాంపర్ సోదరులు రేర్‌ను విడిచిపెట్టిన వార్త కూడా ఈ ఆట విడుదలకు నెల రోజుల ముందే వచ్చింది.

చేర్చినవాటిలో మెచ్చదగినవి ఉన్నాయి. ఏరుకున్న నాణేలతో (ఇవి ఆ వెండి నాణేలు కావు) బండికి మెరుగులు కొనుక్కోవచ్చు, తాజ్‌నూ విజ్‌పిగ్‌నూ కూడా ఆడించవచ్చు, స్టైలస్‌తో గీసిన గీత వెంబడి సొంత ట్రాక్ తయారు చేసుకోవచ్చు. ఈ చివరిదే టచ్ స్క్రీన్‌కు నిజంగా తగిన ఉపయోగం. పిల్లవాడు వంకరటింకరగా గీసినది నిమిషంలో రేసు దారిగా మారిపోతుంది, ఆ పని పాత యంత్రం మీద ఊహకు కూడా అందదు. దాన్ని కేంద్రంగా తీసుకుని ఉంటే ఈ రీమేక్ గురించి ఈనాడు వేరేగా మాట్లాడుకునేవాళ్లం. ఇంటర్నెట్ ద్వారా దూరాన ఉన్నవారితో పోటీపడే సౌకర్యం మరో లాభం. పాత ఆటలో ఒకే టీవీ ముందు నలుగురు కూర్చోవడమే గతి. కానీ 2014 మే 20న డీఎస్ ఆన్‌లైన్ సేవలను నింటెండో ఆపేయడంతో ఆ లాభం పోయింది. సర్వర్ మీద ఆధారపడినది మొదట కూలింది. కార్ట్రిడ్జ్‌లో ఉన్నది, అంటే మంచి ట్రాక్‌లూ ఆ బెలూన్ల పరీక్షలూ, అలాగే నిలిచింది.

పన్నెండేళ్ల తర్వాత, 2019లో, 'క్రాష్ టీమ్ రేసింగ్' అనే మరో కార్ట్ రేసింగ్ ఆటను బీనాక్స్ సంస్థ పునర్నిర్మించినప్పుడు ఇందుకు పూర్తిగా భిన్నమైన పద్ధతి పాటించింది. 1999 నాటి మూలంలోని జారుడు కిటుకులనూ, వేగాన్ని నిలుపుకునే లెక్కలనూ దాదాపుగా కదపకుండా, చుట్టూ ఉన్న బొమ్మలనూ సరంజామానూ మాత్రమే కొత్తగా కట్టింది. విడుదలయ్యాక డబ్బు పెట్టి కొనే వస్తువులు చొప్పించడంతో విమర్శలు వచ్చిన మాట నిజమే. ఆ విమర్శలు వ్యాపారం మీద వచ్చాయి తప్ప, బండి నడిపే తీరు మీద కాదు.

డిడ్డీ కాంగ్ రేసింగ్‌ను మూడోసారి ఎవరైనా చేయదలిస్తే, 2007 నాటి అడ్డంకుల్లో చాలావరకు తొలగిపోయాయి. ఇప్పటి చేతి యంత్రాలకు అనలాగ్ స్టిక్‌లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్, నింటెండోల మధ్య కూడా మంచు కరిగింది: 2019లో బాంజో నింటెండో పోరాట ఆట 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్'లో పాత్రగా చేరాడు, 2022 జనవరిలో 'బాంజో-కజూయీ' నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సేవలోకి వచ్చింది. ఎలుగునూ ఉడుతనూ వెనక్కి తేవడం ఒప్పందాల పని, దాన్ని న్యాయవాదులు చూసుకుంటారు. రూపకర్తలు మొదట తేల్చుకోవలసినది మాత్రం రెండో చుట్టులో దారి తప్పి పక్కకు పోయి నాణెం అందుకున్న ఆటగాడికి, మళ్లీ ముందుకు రావడానికి ట్రాక్‌లో ఎంత చోటు వదలాలన్నది.